గేమ్ సబ్‌స్క్రిప్షన్‌కి డబ్బులు ఎలా కట్టాలి: కార్డా, యూపీఐ ఆటోపేనా, రీఛార్జ్ కోడా?

దసరా సెలవులకి ఆమదాలవలస నుంచి శ్రీకాకుళం వచ్చిన మా మేనల్లుడు మొదటిరోజు మధ్యాహ్నానికే మూడుసార్లు ఓడిపోయాడు. ఆ మూడూ ఆటలో ఓటములు కావు, ఆటకి డబ్బులు కట్టే దగ్గర ఓటములు. నెలకి 149 రూపాయల సబ్‌స్క్రిప్షన్. ముందు వాళ్లమ్మ ఏటీఎం కార్డు నంబరు కొట్టాడు. బ్యాంకు తిరస్కరించిందని ఎర్ర అక్షరాలు వచ్చాయి. తర్వాత వాళ్ల నాన్న యూపీఐ అనుకున్నాడు. బావగారి ఖాతాకి లింకైన సిమ్ ఆయన బటన్ ఫోన్‌లో ఉంది, ఆ బటన్ ఫోను ఆమదాలవలసలో కిరాణా కొట్టు గల్లాపెట్టె మీద ఉంది. మూడోసారి ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఒక నెట్ సెంటర్‌కి వెళ్లాడు. అక్కడతను తన ఫోన్ నుంచి కడతానని, పైన ఇరవై రూపాయలివ్వమని అన్నాడట. ఇంతలో కరెంటు పోయింది. అదే మంచిదయింది, ఎందుకో తర్వాత చెబుతాను.

"ఏటి మావయ్యా, మల్లీ ఫెయిలైపోనాది" అంటూ మొహం వేలాడేసుకుని వచ్చాడు. సాయంత్రం ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటీ విప్పి చూశాం. నాకూ కన్సోల్ (టీవీకి తగిలించి ఆడే గేమ్ మెషీన్) సబ్‌స్క్రిప్షన్ ఉంది, కార్డుతో ఒకసారి, యూపీఐతో ఒకసారి నా తిప్పలు నేనూ పడ్డాను. అందుకని ఇక్కడ రాస్తున్నదంతా ఆ రెండు అనుభవాలూ కలిపి.

పేమెంట్ దగ్గర ఇరుక్కున్న ప్రతివాళ్లూ "ఏది పెడితే అవుతుంది?" అని అడుగుతారు. నెలనెలా డబ్బు తీసుకునే వ్యవహారంలో నేను ముందు చూసేది ఇంకో రెండు. వద్దనుకున్న రోజు దాన్ని ఎంత తేలిగ్గా ఆపగలను? తేడా వస్తే ఏ ఖాతాలో డబ్బు ఇరుక్కుంటుంది? మన వైపు చాలా ఇళ్లలో ఉన్నది ఒకటే ఖాతా. ఉపాధి హామీ కూలి అందులోనే పడుతుంది, తల్లికి వందనం డబ్బులూ అందులోనే పడతాయి, గ్యాస్ సబ్సిడీ కూడా అందులోనే. ఆ ఖాతాని పిల్లవాడి గేమ్‌కి కట్టేయడం నాకు నచ్చదు, ఎంత చిన్న మొత్తమైనా సరే.

కార్డు ఎందుకు పనిచేయలేదు

మా అప్ప, అంటే మేనల్లుడి తల్లి, కార్డులో బ్యాలెన్స్ ఉంది, ఎక్స్‌పైరీ దాటలేదు, నంబరు సరిగ్గానే కొట్టాడు. తప్పు ఎవరిదీ కాదు. 2020లో రిజర్వ్ బ్యాంక్ పెట్టిన నిబంధన ప్రకారం కొత్తగా ఇచ్చే కార్డు మన దేశంలో ఏటీఎంలోనూ, కొట్టులో స్వైప్ మెషీన్ మీదా మాత్రమే పనిచేస్తుంది. ఆన్‌లైన్ వాడకం, విదేశీ వాడకం మనమే ఆన్ చేసుకోవాలి. అప్పటికే చేతిలో ఉన్న కార్డుల్లో కూడా ఒక్కసారైనా ఆన్‌లైన్‌లో వాడనివాటికి ఆ సౌకర్యం ఆపేయమన్నారు. అప్ప ఆ కార్డుని నెలకొకసారి ఏటీఎంలో పెట్టడమే తప్ప ఇంకెక్కడా వాడలేదు. ఇంకెలా అవుతుంది?

బ్యాంకు యాప్‌లో కార్డుల విభాగంలోకి వెళ్తే ఆన్‌లైన్ వాడకానికి ఒక స్విచ్, విదేశీ లావాదేవీలకి ఇంకో స్విచ్ ఉంటాయి. లిమిట్ కూడా అక్కడే పెట్టుకోవచ్చు. గేమ్ కోసమే అయితే ఆన్‌లైన్ లిమిట్ 500 పెట్టి వదిలేయండి. యాప్ లేనివాళ్లు బ్రాంచికి వెళ్లి అడిగితే చేసిపెడతారు, కానీ 149 రూపాయల కోసం బ్రాంచిలో లైన్లో నిలబడతారా అన్నది మీ ఇష్టం.

రెండో చిక్కు కార్డు రకం. జన్‌ధన్ ఖాతాలకి, చాలా మామూలు సేవింగ్స్ ఖాతాలకి ఇచ్చేది రూపే కార్డు. రూపాయల్లో ధర చూపించే స్టోర్లలో సాధారణంగా ఇబ్బంది ఉండదు. నేరుగా విదేశీ కంపెనీ వెబ్‌సైట్‌లో డాలర్లలో కట్టాల్సి వస్తే అక్కడ వీసా, మాస్టర్‌కార్డ్ గుర్తులే కనిపిస్తాయి. రూపే కనబడకపోతే పదిసార్లు కొట్టినా ఫలితం ఉండదు.

మూడోదే అసలు మోసకారి చిక్కు, ఎందుకంటే మొదటి నెల కనబడదు. 2021 అక్టోబరు 1 నుంచి కార్డు మీద నెలనెలా ఆటోమేటిక్‌గా తీసుకునే ప్రతి పేమెంట్‌కీ ముందుగా మ్యాండేట్, అంటే నెలనెలా డబ్బు తీసుకోవడానికి మనమిచ్చే అనుమతి, నమోదు కావాలి. నమోదప్పుడు ఓటీపీ అడుగుతారు. ఆ తర్వాత ప్రతి నెలా డబ్బు తీసే 24 గంటల ముందు బ్యాంకు మెసేజ్ పంపాలి. 15,000 రూపాయల లోపు అయితే మళ్లీ ఓటీపీ అడగరు. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ గేమ్ కంపెనీ మన బ్యాంకుతో ఈ ఏర్పాటు చేసుకోకపోతే, మొదటి నెల మన చేత్తో ఓటీపీ కొట్టాం కాబట్టి డబ్బు వెళ్తుంది, రెండో నెల వెళ్లదు. నా కన్సోల్ సబ్‌స్క్రిప్షన్‌కి ఇదే జరిగింది. శనివారం రాత్రి పదింటికి ఫ్రెండ్స్ అంతా ఆన్‌లైన్‌లో కూర్చున్నాక "మీ సభ్యత్వం ముగిసింది" అని వచ్చింది. కార్డు బాగుంది, ఖాతాలో డబ్బుంది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే కంపెనీ వాళ్లు బ్యాంకుని అడగమన్నారు, బ్యాంకు వాళ్లు కంపెనీని అడగమన్నారు. ఆ వారమంతా ఇదే కథ.

ఖర్చు కూడా ఒకసారి లెక్కేసుకోండి. 10 డాలర్ల సబ్‌స్క్రిప్షన్, డాలరు 90 రూపాయలనుకుందాం. 900 అవ్వాలి. విదేశీ లావాదేవీకి మీ బ్యాంకు 3.5 శాతం వేస్తుందనుకుంటే 31.50, దాని మీద 18 శాతం జీఎస్‌టీ 5.67. మొత్తం 937 దాటింది. నెలకి 37 రూపాయలు పెద్ద మొత్తం కాదు, ఏడాదికి చూస్తే దాదాపు ఇంకో అరనెల సభ్యత్వం. ఈ శాతం బ్యాంకుని బట్టి మారుతుంది, కట్టే ముందు మీ కార్డు ఛార్జీల పట్టికలో చూడండి.

ఇంకో చిన్న విషయం. ఖాతా తెరిచేటప్పుడు తొందరలో దేశం అన్నచోట పైనున్నది ఏదో నొక్కేస్తే, మన కార్డు ఎంత మంచిదైనా స్టోర్ ఒప్పుకోదు. గూగుల్ ప్లేలో దేశం ఏడాదికి ఒక్కసారే మార్చుకోనిస్తారు. కాబట్టి కార్డుని తిట్టే ముందు ప్రొఫైల్‌లో ఇండియా ఉందో లేదో చూడండి.

ఐఫోన్ వాళ్లకి ఒక మాట: ఆపిల్ 2022లో మన కార్డులు తీసుకోవడం ఆపి, యూపీఐ, నెట్ బ్యాంకింగ్, ఆపిల్ ఖాతా బ్యాలెన్స్ వైపు మళ్లింది. కాబట్టి అక్కడ యూపీఐతో మొదలుపెట్టడమే మేలు.

యూపీఐ ఆటోపే

నన్నడిగితే పెద్దవాళ్లు తమ కోసం కట్టుకునే సబ్‌స్క్రిప్షన్‌కి ఇదే మంచిది. ఆటోపే అంటే యూపీఐ ద్వారా నెలనెలా డబ్బు దానంతటదే వెళ్లే ఏర్పాటు. అది 2020 జూలైలో వచ్చింది, గూగుల్ ప్లేలోకి 2022 నవంబరులో వచ్చింది. ఒక్కసారి పిన్ కొడితే చాలు, 15,000 లోపు మొత్తాలకి తర్వాత పిన్ అక్కర్లేదు. అన్నిటికంటే నాకు నచ్చేది ఏమిటంటే, మనం ఇచ్చిన అనుమతులన్నీ యూపీఐ యాప్‌లో ఆటోపే అనే ఒకే చోట వరసగా కనిపిస్తాయి. అక్కడే నొక్కి ఆపేయొచ్చు. ఎవరికీ ఫోన్ చేయక్కర్లేదు.

పిన్ కొట్టే ముందు ఆ తెరని ఒక్క నిమిషం చదవండి. మా వాడి పేమెంట్‌కి నా ఫోన్‌లో ప్రయత్నించినప్పుడు పైన పెద్ద అక్షరాల్లో 149 ఉంది. కింద సన్నగా "గరిష్ఠంగా 1,000 రూపాయల వరకు" అని ఉంది, దాని పక్కన ఎప్పటివరకు అన్నచోట చాలా ఏళ్ల తర్వాతి తేదీ. అంటే రేపు ప్లాన్ ధర పెరిగినా, ఆ గరిష్ఠం లోపల ఉంటే మళ్లీ నన్ను పిన్ అడగక్కర్లేదు. ఇందులో మోసం ఏమీ లేదు, ఇలా పెట్టడం మామూలే. కానీ ఒప్పుకుంటున్నది 149కి అనుకుని పిన్ కొట్టడం వేరు, వెయ్యికి అని తెలిసి కొట్టడం వేరు. డబ్బు తీసే ముందురోజు వచ్చే మెసేజ్‌ని చదవకుండా తీసేసే అలవాటుంటే మానుకోండి, ధర మారిందా లేదా అన్నది అందులోనే తెలుస్తుంది.

ఆటోపే ఫెయిలవడానికి ఎక్కువసార్లు కారణం ఖాతాలో డబ్బు లేకపోవడమే. 2025 ఆగస్టు నుంచి ఆటోపే లావాదేవీలని రద్దీ లేని వేళల్లో, అంటే ఉదయం పదిలోపు, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఐదు మధ్య, రాత్రి తొమ్మిదిన్నర తర్వాత మాత్రమే నడుపుతున్నారు. "పొద్దున్న కొట్టు తెరిచాక వేద్దాంలే" అనుకుంటే అప్పటికే ఒక ప్రయత్నం అయిపోయి ఉండొచ్చు. ముందురోజు రాత్రికే డబ్బు ఉంచండి. కొత్త ఫోన్‌లోకి యూపీఐ మార్చుకున్నవాళ్లకి మొదటి 24 గంటలూ 5,000 రూపాయల పరిమితి ఉంటుంది, ఏడాది ప్లాన్ ఒకేసారి కట్టాలనుకునేవాళ్లు ఒక రోజు ఆగాలి.

మన జిల్లాల్లో బ్యాంకుల పేర్లు మారడం కూడా ఒక తలనొప్పి. ఆంధ్రా బ్యాంక్ 2020లో యూనియన్ బ్యాంక్‌లో కలిసింది. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంక్ 2025 మే 1న మిగతా గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంక్ అయింది. యాప్‌లో మీ ఖాతా పక్కన ఇంకా పాత బ్యాంకు పేరే ఉంటే, ఆ ఖాతాని తీసేసి కొత్త పేరు కింద మళ్లీ లింక్ చేసి, అప్పుడు ఆటోపే పెట్టండి.

బావగారి సంగతికి వస్తే, యూపీఐ నడవాలంటే ఖాతాకి లింకైన సిమ్ ఆ ఫోన్‌లోనే ఉండాలి. ఓటీపీ ఫోన్లో చెప్పించుకుని వేరే ఊళ్లో యూపీఐ తెరవడం కుదరదు. వీడు అదీ ప్రయత్నించాడు. కొట్టులో బేరం నడుస్తుండగా "నాన్నా, మెసేజ్ చూసి అంకెలు చెప్పు" అని ఫోన్. ఆయన కళ్లజోడు వెతుక్కుని అంకెలు చదివారు గానీ, అవి వీడికి అక్కరకు రాలేదు, అవతల కందిపప్పు బేరం మాత్రం పోయింది.

అందుకే నా సలహా: గేమ్, సినిమా, పాటల యాప్‌లకని ఒక చిన్న ఖాతా వేరుగా పెట్టుకోండి. మినిమం బ్యాలెన్స్ అడగని ఖాతాలు ఉన్నాయి. నెలకి మూడొందలో ఐదొందలో అందులో వేసి ఆటోపే అంతా దాని మీదే పెట్టండి. ఏ యాప్ ఎంత తప్పుగా లాగినా, లాగేది ఆ ఐదొందల్లోంచే.

రీఛార్జ్ కోడ్

మా మేనల్లుడికి చివరికి చేసింది ఇదే. గూగుల్ ప్లే రీఛార్జ్ కోడ్ 500 రూపాయలకి నా ఫోన్ నుంచి కొన్నాను, వాడు తన ఖాతాలో వేసుకున్నాడు. ఏ బ్యాంకు ఖాతా వాడి ఫోన్‌కి తగలలేదు, ఏ పిన్నూ వాడికి తెలియలేదు. బ్యాలెన్స్ అయిపోతే సబ్‌స్క్రిప్షన్ దానంతటదే ఆగుతుంది. పిల్లల విషయంలో ఇంతకంటే మంచి తాళం నాకు తెలీదు. కన్సోల్ వాడేవాళ్లకి కూడా స్టోర్ వాలెట్ కోడ్‌లు, కొన్ని నెలల సభ్యత్వ కోడ్‌లు దొరుకుతాయి. కార్డు మ్యాండేట్ గొడవ తర్వాత నేను వాటికే మారిపోయాను.

లోపాలూ ఉన్నాయి. కోడ్ ఒకసారి వేసుకున్నాక ఆ డబ్బు వెనక్కి రాదు. ఏ దేశం కోడ్ ఆ దేశం ఖాతాలోనే పనిచేస్తుంది, దుబాయ్‌లో ఉన్న పెదనాన్న కొడుకు ప్రేమగా పంపిన కోడ్ ఇక్కడ చెల్లదు. అన్ని సబ్‌స్క్రిప్షన్లూ బ్యాలెన్స్‌తో కట్టనిస్తాయన్న నమ్మకం పెట్టుకోవద్దు. ముందు గేమ్‌లో ప్లాన్ నొక్కి, పేమెంట్ పేజీలో ప్లే బ్యాలెన్స్ అన్నది కనబడిందాకా వెళ్లి చూసి, వెనక్కొచ్చి అప్పుడు కోడ్ కొనండి.

ఒక ఉచ్చు మాత్రం గుర్తుపెట్టుకోండి. ఖాతాలో ఇంతకుముందు ఎప్పుడో పెట్టిన యూపీఐ గానీ కార్డు గానీ ఉండి, దాన్ని బ్యాకప్ పేమెంట్‌గా పెట్టి ఉంటే, బ్యాలెన్స్ అయిపోయాక డబ్బు అక్కణ్ణుంచి తీసుకుంటుంది. అప్పుడు మనం వేసిన తాళానికి అర్థం లేదు. కోడ్ వేసే ముందు పేమెంట్ పద్ధతుల్లో మిగతావన్నీ తీసేయండి.

ఇక నెట్ బ్యాంకింగ్ ఒక్కసారి కట్టే వాటికి పర్వాలేదు. మొబైల్ బిల్లులో కలిపే పద్ధతి అన్ని సిమ్‌లకీ ఉండదు, ఉన్నా రీఛార్జ్ డబ్బులెక్కడ పోయాయో వెతుక్కోవడం నాకు పడదు. యూపీఐ సర్కిల్ 2024లో వచ్చింది. తండ్రి తన ఖాతా నుంచి పిల్లవాడికి వాడుకునే అనుమతి ఇవ్వొచ్చు, ప్రతి పేమెంట్‌నీ తనే ఒప్పుకునేలా పెట్టుకోవచ్చు. విడివిడి ఖర్చులకి చక్కగా ఉంటుంది, నెలనెలా సబ్‌స్క్రిప్షన్‌కి దాన్ని నమ్ముకోమని నేను చెప్పను.

నెట్ సెంటర్, టెలిగ్రామ్ చవక బేరాలు

ఇప్పుడు కరెంటు పోవడం ఎందుకు మంచిదయిందో చెబుతాను. నెట్ సెంటర్ అతను తన యూపీఐతో ఆటోపే పెడితే ఆ మ్యాండేట్ అతని పేరు మీద ఉంటుంది. వచ్చే నెల తన డబ్బు కట్ అవగానే అతను ఆపేస్తాడు, లేదా ఆపకుండా మనల్ని వెతుక్కుంటూ వస్తాడు. అంతకంటే పెద్ద సమస్య, పేమెంట్ కోసమని మన ఈమెయిల్, పాస్‌వర్డ్ ఆ కంప్యూటర్‌లో కొట్టడం. లాగౌట్ చేశామో లేదో కంగారులో గుర్తుండదు.

టెలిగ్రామ్‌లో సగం ధరకి సబ్‌స్క్రిప్షన్ ఇప్పిస్తామనేవాళ్ల జోలికి వెళ్లకండి. వేరే దేశం చవక ధరకి కొంటారు, లేదా ఎవరిదో దొంగ కార్డుతో కొంటారు. కార్డు యజమాని ఫిర్యాదు చేశాక కంపెనీ డబ్బు వెనక్కి ఇచ్చేసి మన ఖాతాని లాక్ చేస్తుంది. రెండేళ్లు కష్టపడి సంపాదించిన స్కిన్లు, లెవెళ్లు అన్నీ పోతాయి. వీపీఎన్ (మనం వేరే దేశంలో ఉన్నట్టు చూపించే యాప్) పెట్టి వేరే దేశం ధరకి కట్టడం కూడా అలాంటిదే.

బ్యాంకు పదేపదే తిరస్కరిస్తుంటే ఆ ఆట ఏ రకమో కూడా చూడండి. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం డబ్బు పందెంగా పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించింది, వాటికి బ్యాంకులు పేమెంట్లు నడపకూడదంది. మన రాష్ట్రంలో రమ్మీ లాంటివాటి మీద 2020 నుంచే నిషేధం ఉంది. పందెం లేకుండా, కేవలం ఆడుకోవడానికి సభ్యత్వం కట్టే గేమ్‌లకి ఇది వర్తించదు. "కట్టింది గెలిస్తే రెట్టింపు" అనే యాప్‌లో పేమెంట్ ఫెయిలైతే ఆ ఫెయిల్యూర్‌కి దణ్ణం పెట్టి యాప్ తీసేయండి.

డబ్బు కట్ అయింది, గేమ్ రాలేదు

వెంటనే రెండోసారి నొక్కకండి. కిందటేడు నేను ఆ పని చేసి ఒకే నెలకి రెండుసార్లు కట్టాను, ఒకటి నాలుగో రోజు వెనక్కొచ్చింది. ఆ నాలుగు రోజులూ టెన్షనే. ముందు స్టోర్‌లో ఆర్డర్ హిస్టరీ చూడండి. అక్కడ "పెండింగ్" ఉంటే కాసేపు ఆగండి. యూపీఐ యాప్‌లో ఆ లావాదేవీ తెరిచి 12 అంకెల రిఫరెన్స్ నంబరు రాసిపెట్టుకోండి, అక్కడే ఫిర్యాదు నొక్కండి.

2019లో రిజర్వ్ బ్యాంక్ పెట్టిన గడువు ప్రకారం, వ్యాపారికి చేరని యూపీఐ పేమెంట్ గానీ ఆన్‌లైన్ కార్డు పేమెంట్ గానీ ఐదు రోజుల్లోపు దానంతటదే వెనక్కి రావాలి. దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. బ్యాంకుకి రాసేటప్పుడు ఈ రెండు ముక్కలూ రాయండి, జవాబు తీరు మారుతుంది. 30 రోజులైనా తేలకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే అధికారికి) ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు, ఖర్చు లేదు.

ఈ కంగారులోనే మోసగాళ్లు దొరుకుతారు. గూగుల్‌లో వెతికితే వచ్చే కస్టమర్ కేర్ నంబర్లని నమ్మొద్దు. "రీఫండ్ వేస్తాం, పిన్ కొట్టండి" అంటే ఫోన్ పెట్టేయండి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పోవడానికే కావాలి. పోయిందనుకుంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఆపడం

ఫోన్‌లోంచి గేమ్ తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ ఆగదు. ముందు స్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్ల దగ్గర క్యాన్సిల్ చేయాలి, ఆ తర్వాత యూపీఐ యాప్‌లో మ్యాండేట్ తీసేయాలి. మ్యాండేట్ ఒక్కటే తీసేస్తే స్టోర్ దాన్ని ఫెయిలైన పేమెంట్‌గా చూసి మళ్లీమళ్లీ కట్టమని అడుగుతుంది. పొరపాటున కొన్నదైతే గూగుల్ ప్లేలో 48 గంటల్లోపు రీఫండ్ అడగండి, ఆ తర్వాత అడిగితే గేమ్ తయారుచేసినవాళ్ల దయ.

మా వాడు మూడు నెలలు ఆడాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు ఫోన్ చూపించాడు: బ్యాలెన్స్ 53 రూపాయలు, సబ్‌స్క్రిప్షన్ ఆగిపోయింది. "పరీక్షలయ్యాక మల్లీ ఒక కోడ్ కొనీ మావయ్యా" అన్నాడు. బావగారు అప్పటికి స్మార్ట్‌ఫోన్ కొన్నారు గానీ, ఖాతాకి లింకైన సిమ్ ఇంకా ఆ బటన్ ఫోన్‌లోనే ఉంది.